పోయినేటి నూనె

నేను అక్షరాలు నేర్చుకున్నది తలకిందులుగా. నారాయణఖేడ్ తహసీలు కచేరీలో నీళ్ళు మోసే పని దొరికేనాటికి నాకు పెళ్ళయి ఇద్దరు పిల్లలు. కచేరీ ముందు రేకుల పందిరి కింద ఒక పెద్దమనిషి అర్జీలు రాస్తూ కూర్చునేవాడు. పని లేనప్పుడల్లా ఆయన బల్లకు ఎదురుగా కూర్చుని ఆయన చెయ్యి కదిలే తీరు చూసేవాణ్ని. అందుకని మొదట నాకు తలకిందులు అక్షరాలే చదవడం వచ్చింది. కాగితాన్ని సరిగా పట్టుకుని చదవడానికి ఇంకో ఏడాది పట్టింది. ఆయన పోయాక ఆ బల్ల, ఆ సిరాబుడ్డి, ఆయన వాడిన వాక్యాలు నాకు వచ్చాయి.

అర్జీ రాతలో కొన్ని వాక్యాలు ముందే తయారుగా ఉంటాయి. ఎవరొచ్చినా, ఏ పని మీద వచ్చినా అవి మారవు. "ఇందులో ఎవరికినీ అభ్యంతరము లేదు." "సదరు వస్తువు నిరుపయోగముగా పడియున్నది." అన్నిటికంటే చివర, వేలిముద్రకు పైన రాసేది ఒకటుంది: "చదివి వినిపించగా విని, సమ్మతించి నిశాని వేసితిని." మా వైపు వేలిముద్రను నిశాని అంటారు. ఈ వాక్యాన్ని ఎన్ని వేల కాగితాల మీద రాశానో చెప్పలేను. వాటిలో నిజంగా చదివి వినిపించినవి ఎన్ని అని అడిగితే ఆ జవాబు కూడా నా దగ్గర లేదు. నాకు తీరిక ఉండేది కాదు, వాళ్ళకు బస్సు పోతుందనే తొందర ఉండేది. ఇలా చెప్పుకుంటే తప్పులో సగం బస్సు మీదికి పోతుంది. పోనివ్వను.

నేను కోపిష్ఠినని ఊళ్ళో పేరు. ఆఫీసుల మీద కోపం, డిగ్రీలున్న వాళ్ళ మీద కోపం, నాలుగు ముక్కలు రాయడం చేతకాక మూడు సంతకాలు పెట్టేవాళ్ళ మీద మరీ కోపం. ఎనభై దాటినా అది తగ్గలేదు. అయితే ఇప్పుడు రాస్తున్న సంగతిలో నేను ఎవరి మీద కోపం తెచ్చుకున్నా చివరికి అది తిరిగి నా బల్ల దగ్గరికే వస్తుంది. అందుకే ఇన్నేళ్ళు రాయలేదు.

మంజీర ఒడ్డున, మాకు రెండు బస్సుల దూరంలో ఒక దిబ్బ ఉంది. చుట్టుపక్కల వాళ్ళు దాన్ని దండుగడ్డ అనేవాళ్ళు. వెనకటి కాలంలో రెండు దండ్లు అక్కడ కొట్టుకుని చచ్చాయని చెప్పుకునేవాళ్ళు. ఎవరి దండ్లో, ఎందుకు కొట్టుకున్నాయో ఎవరికీ తెలియదు. దున్నినప్పుడల్లా బాణం మొనలు, ఎముకలు పైకి తేలేవి. ప్రభుత్వం ఆ దిబ్బను తవ్వించి, దాని మీదే మూడు గదుల మ్యూజియం కట్టింది. గదులు కట్టాక వాటిని నింపాలి. అందుకని ఒక కుర్ర ఆఫీసరు చెక్కిన రాళ్ళను వెతుక్కుంటూ జీపులో ఊరూరూ తిరిగి నారాయణఖేడ్ వచ్చాడు. కచేరీలో ఎవరో నన్ను చూపించారు.

"ఈ చుట్టుపక్కల ఊళ్ళన్నీ మీకు తెలుసట కదా. కొంచెం సాయం చేస్తారా?" అన్నాడు.

ప్యాంటు, చొక్కా వేసుకున్న వాడెవడూ అప్పటిదాకా నన్ను మీరు అనలేదు. పైగా జీపులో ముందు సీట్లో, తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. తహసీల్దారు కిటికీలోంచి చూస్తున్నాడని నాకు తెలుసు. ఆ సీట్లో కూర్చున్న క్షణం నుంచి ఆయన ఏం అడిగినా కాదనేవాణ్ని కాదు.

సిర్గాపూర్ అవతల ఒక ఊళ్ళో, ఒక ముసలామె పొలం గట్టున, నడుమెత్తు రాయి ఉండేది. నేను ఎప్పుడో చూసి ఉన్నాను. నూనె, పసుపు, చందురం పొరలు పొరలుగా పట్టి, ఏ ఆకారమూ లేకుండా నల్లగా, గుండ్రంగా, పిండిముద్దలా ఉండేది. ఆఫీసరు దాని చుట్టూ తిరిగాడు. నూనె పలచగా ఉన్నచోట, కింది అంచున వేలితో తడిమి, అక్షరాలున్నాయి అన్నాడు. యుద్ధంలో పడిపోయిన వాడి కోసం నిలబెట్టిన రాయి అనీ, ఆ పడింది దండుగడ్డ మీదే కావచ్చుననీ అన్నాడు. ఆయన గొంతు వణికింది. చదువుకున్నవాడి గొంతు ఒక రాయిని చూసి వణకడం నాకు చాలా గొప్పగా అనిపించింది.

ముసలామెకు అప్పటికి అరవై ఉంటాయి. భర్త పోయాడు, పిల్లలు కలగలేదు. మరిది కొడుకులు మిషన్లో కలిసి కిరస్తానీలయ్యాక రాళ్ళకు పెట్టడం మానేశారు. కానీ ఆమె పొలం దున్నేదీ, పంట ఇంటికి చేర్చేదీ వాళ్ళే. రాయికి పెట్టేది మాత్రం ఆమె ఒక్కతే.

"ఎవరు పెద్దమ్మా ఈయన?" అని అడిగాను.

"మా పెద్దోడు. కొట్లాటల పడ్డడు."

"ఎవరితోటి కొట్లాట?"

"గది నాకెట్ల తెలుస్తది? నేను గీ ఇంటికి వచ్చిందే నిన్న మొన్న." ఆమె ఆ ఇంటికి కోడలిగా వచ్చి నలభై అయిదేళ్ళు.

ఇవ్వడానికి ఒప్పుకున్నట్టు కాగితం కావాలని ఆఫీసరు నాతో మెల్లగా అన్నాడు. నేను ఆమె పక్కన గట్టు మీద కూర్చున్నాను.

"సర్కారోళ్ళు ఈయనను తీస్కపోయి పెద్ద ఇంట్ల పెడ్తరట పెద్దమ్మా."

"ఎందుకు? గీడ మంచిగనే ఉన్నడు కద."

"ఎండకు ఎండుతుండు, వానకు తడుస్తుండు. గాడ స్లాబు ఉంటది. దండుగడ్డ మీదనే కట్టిన్రు, ఆయన పడ్డ జాగల్నే."

ఆ చివరి మాట ఆమెను పట్టుకుంది. కాసేపు రాయి వైపు చూసింది.

"దీపం పెడ్తరా?"

"కరెంటు దీపమే పెడ్తరు."

"మరి కొత్త పెట్టేటందుకు నన్ను రానిస్తరా? కొత్త జొన్న ముందుగాల ఆయన తినాలె. ఆయన తిననిది నేను ముట్ట. మా అత్త గట్లనే చెప్పింది."

"ఎందుకు రానియ్యరు? నీ పెద్దోడు నీకు కాకుండ పోతడా?"

ఆఫీసరును ఒక్కమాట అడగకుండానే ఈ హామీ ఇచ్చాను. జీపు బానెట్ మీద కాగితం పెట్టుకుని రాశాను. "సదరు శిల నా పొలములో నిరుపయోగముగా, నిరాదరణకు గురియై పడియున్నది. దీనిపై నాకు గాని, నా వారసులకు గాని ఎట్టి హక్కును లేదు." పోయిన పంటకు పూసిన పసుపు ఇంకా మెరుస్తున్న రాయిని ఎదురుగా పెట్టుకుని నిరాదరణ అని రాశాను. చెయ్యికి అలవాటైన మాట, చెయ్యి రాసేసింది. చివర చదివి వినిపించగా విని అని కూడా రాశాను. చదవలేదు, వినిపించలేదు. ఆమె నిశాని వేసి, బొటనవేలి సిరాను తలకు తుడుచుకుంది.

రాయిని ఎడ్లబండి మీద నారాయణఖేడ్ తెచ్చి మా వాకిట్లో దించారు. లారీ రావడానికి పది రోజులు పడుతుందన్నారు.

"దీన్ని ఏమీ చెయ్యకండి. శుభ్రం చేసేవాళ్ళు మా దగ్గర ఉన్నారు," అని చెప్పి ఆఫీసరు వెళ్ళాడు.

రెండు రోజులు ఆగాను. మూడోనాడు ఆగలేకపోయాను. ఆ పొరల కింద అక్షరాలున్నాయి. ఆయన తిరిగి వచ్చేలోగా నేనే చదివి, ఒక కాగితం మీద తీర్చి రాసి, ఇదిగో సార్ అని చేతిలో పెట్టాలి. బడి మొహం చూడనివాడు శాసనం చదివాడని జిల్లా అంతా అనుకోవాలి. ఇదీ నా ఆశ.

చింతపండు, బూడిద, వేణ్నీళ్ళు, కొబ్బరి పీచు. పైపొర వచ్చింది, కిందివి రాలేదు. అప్పుడు మొద్దుబారిన కొడవలి తీసుకున్నాను. ఎర్రపొర, పచ్చపొర, నల్లపొర, మళ్ళీ ఎర్రపొర, రొట్టె ముక్కల్లా ఊడి వచ్చాయి. మాగిన నూనె కంపు ఇల్లంతా నిండింది. నా భార్య గడపలో నిలబడి చూసింది.

"ఎవరి దేవునికో తోలు తీస్తున్నవు," అంది.

"దేవుడు గాదు, శాసనం. నీకెర్క లేదు, నువ్వు లోపటికి పో."

"నాకెర్క లేదు సరే. ఆమెకు ఎర్కనేనా?"

నేను గీకుతూనే ఉన్నాను. సాయంత్రానికి రాయి బయటపడింది. కత్తి పట్టిన మనిషి, పక్కన గుర్రం, పైన ఆయనకు వింజామరలు వీస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు. ముక్కు, మీసం, చెవిపోగులతో సహా అన్నీ ఉన్నాయి. కింద మూడు వరుసల అక్షరాలు. వాటిలో ఒక్కటి కూడా నాకు రాలేదు. తెలుగులా ఉండి తెలుగు కాదు, కన్నడంలా ఉండి కన్నడం కాదు. రాయి చుట్టూ తిరిగి తలకిందులుగా కూడా చూశాను. పైగా నా కొడవలి నడిమి వరుస మీదుగా పోయి నాలుగైదు అక్షరాలను చదును చేసింది. గీకిన పెళ్ళలన్నీ తట్టకెత్తి పెంటకుప్పలో పోశాను.

ఆఫీసరు వచ్చి రాయి ముందు గొంతుకూర్చున్నాడు. ఆ నడిమి వరుస మీద వేలు పెట్టి, "ఎవరు గీకారు ఇలా?" అన్నాడు.

"ఊరోళ్ళు సార్. తెలివి లేనోళ్ళు," అన్నాను.

ఆయన నోటుపుస్తకం తీసి రాసుకున్నాడు. మళ్ళీ నన్ను జీపు ఎక్కమనలేదు. ఆయనకు తెలిసిందో లేదో నాకు తెలియదు. తెలిసి ఉంటే నాలుగు తిట్లు తిట్టి ఉండాల్సింది.

మరుసటి పంటకు ముసలామె నా బల్ల దగ్గరికి వచ్చింది. దండుగడ్డకు ఎప్పుడు తీసుకుపోతావని అడిగింది. ఇల్లు ఇంకా పూర్తి కాలేదని చెప్పాను. అప్పటికి మ్యూజియం తెరిచి ఆరు నెలలైంది. ఆ పై పంటకు వచ్చింది. మరమ్మతుకు మూసేశారని చెప్పాను. ఆమె సరే కొడుకా అని, వచ్చిన బస్సులోనే పోయింది. నా మాట నమ్మింది, ఎందుకంటే నేను చదివేవాణ్ని.

మూడో పంటకు ఆమె రాలేదు. ఆమె మరిది పెద్దకొడుకు వచ్చాడు. సైకిలు పందిరి గుంజకు ఆనించి, నా ఎదుట బెంచీ మీద కూర్చున్నాడు.

"కాకా, మా పెద్దమ్మ కొత్త ముడ్తలేదు."

"అంటే?"

"రెండు పంటలు గుమ్మిల పోసి పెట్టినం. ఒక్క గింజ ముట్టలే. గీ కంట్రోలు బియ్యం తెచ్చుకుని వండుకుంటుంది. పుట్టినప్పటి సంది జొన్నరొట్టె తిన్న పాణం, గా బియ్యం ఒంటికి పడ్తలేదు. సగం అయ్యింది మనిషి. ప్రార్థన చేసుకుని తిను పెద్దమ్మా అంటే, ఆయన తిన్నంక తింట అంటది. నువ్వు ఎట్లన్న ఒక్కసారి చూపెట్టు. గా రాయి ఇచ్చిందాన్కి కాగితం నువ్వే రాసినవంట కద?"

రాసినవంట కద అనేటప్పుడు వాడి గొంతులో ఏ ఆరోపణా లేదు. ఊరికే అడిగాడు. నేను ఎల్లుండి పొద్దున మొదటి బస్సుకు రమ్మని చెప్పాను.

డిపో దగ్గర ఆమెను చూసి గుర్తుపట్టలేదు. చెంపలు లోపలికి పోయాయి. రవిక భుజాల మీద నిలవడం లేదు. చంకలో మూట మాత్రం గట్టిగా పట్టుకుంది. అందులో కొత్త జొన్నపిండితో చేసిన రొట్టెలు, బెల్లం ముద్ద, పసుపు పొట్లం, చిన్న సీసాలో నూనె. తాను మాత్రం పొద్దున ఏమీ తినలేదు.

కండక్టరు టికెట్లు కొడుతూ మా దగ్గరికి వచ్చాడు. "ఏం కట్టినవ్ అవ్వా? అల్లునికా?"

"అల్లుడు లేడు, ఏం లేడు. మా ఇంటోళ్ళ తాతకు."

"నీ పెనిమిటి తాతనా? ఇంకా బతికే ఉన్నడా?"

"ఎప్పుడో కొట్లాటల పడ్డడు. గిప్పుడు సర్కారు ఇంట్ల ఉంటుండు."

"ఇంకేంది మరి, పింఛను కూడ వస్తుండొచ్చు," అన్నాడు కండక్టరు. బస్సంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. నేను కిటికీలోంచి కందిచేలను చూస్తూ కూర్చున్నాను.

రెండో బస్సులో ఆమె నాకు నూనె సంగతి చెప్పింది. నేను అడగలేదు, తనే చెప్పింది. ఆ ఇంటికి వచ్చిన కోడలికి అత్త మొదట నేర్పేది అదేనట. ఏటా కొత్త పెట్టేనాడు ఒక దోసెడు నూనె పొయ్యాలి, పసుపు అద్దాలి, పోయినేటి దాన్ని మాత్రం గీకకూడదు.

"పోయినేటిది గీకద్దు కొడుకా. అడుగున మా అత్త నూనె ఉంటది. దాని కింద ఆమె అత్తది. మీదికి మీదికి పోస్కుంట రావాలె. మావోనికి ముక్కు లేదు, మొఖం లేదు, ఉత్త నూనెనే. చెయ్యి పెడితే మెత్తగ ఉంటడు, మనిషి తీరు."

ఎన్ని అత్తల చేతులు ఆ రాయి మీద ఉన్నాయో ఆమెకూ తెలియదు. నేను వాటన్నిటినీ ఒక్క పొద్దులో తట్టకెత్తాను. ఆ బస్సులోనే చెప్పి ఉండాల్సింది. చెప్పడానికి గంటంబావు సమయం ఉంది. నోరు తెరిచి, ఎండ ఎక్కువగా ఉంది పెద్దమ్మా అన్నాను.

మ్యూజియం దిబ్బ మీద సున్నం కొట్టిన పొడుగాటి ఇల్లు. ఆమె మెట్ల దగ్గర ఆగి గడపకు మొక్కింది. గంట ఎక్కడుందో అని పైకి చూసింది. లోపల స్టూలు మీద కూర్చున్న కాపలావాడు లేచి వచ్చాడు. నలభై ఏళ్ళవాడు, ఖాకీ చొక్కా కింద పంచె.

"మూట గీడ పెట్టు అవ్వా. తినేటివి లోపటికి తీస్కపోవద్దు."

"నేను తినను. ఆయనకు."

"ఎవలకు?"

"మా పెద్దోనికి. లోపట ఉన్నడు."

కాపలావాడు నా మొహం చూశాడు. నేను మూట తీసి అతని చేతికిచ్చాను. "ముందుగాల చూద్దాం పెద్దమ్మా," అన్నాను. అతను దాన్ని స్టూలు మీద జాగ్రత్తగా పెట్టాడు.

మొదటి గదిలో అద్దాల పెట్టెల్లో తుప్పు పట్టిన బాణం మొనలు, విరిగిన కత్తి, ఒక దవడ ఎముక. ఆమె ప్రతి పెట్టె దగ్గరా ఆగి ఏం రాశారని అడిగింది. నేను పలకలు చదివి చెప్పాను. వాటిలో తప్పులుంటే మామూలుగా అక్కడే గొంతు పెంచేవాణ్ని. ఆ రోజు ఉన్నదున్నట్టు చదివాను.

"దేనికి కొట్లాడిన్రు గింత మంది?" అని కాపలావాణ్ని అడిగింది.

"నాకేం తెలుస్తది అవ్వా? నన్ను పది గంటలకు తాళం తియ్యమన్నరు, అయిదు గంటలకు ఎయ్యమన్నరు."

రెండో గదిలో కుండలు, పూసలు. మూడో గదిలో, ఎదురుగా, సిమెంటు దిమ్మె మీద ఆ రాయి ఉంది. పైన నిజంగానే కరెంటు దీపం పెట్టారు. కత్తి, గుర్రం, మీసం, అన్నీ కొత్తగా చెక్కినట్టు మెరుస్తున్నాయి. నేను గడపలోనే ఆగిపోయాను.

ఆమె నేరుగా దాని ముందుకు పోయింది. తల పైకెత్తి ఆ మొహాన్ని చూసింది. కొడుకు పెళ్ళిచూపులకు పోయిన తల్లిలా పరీక్షగా చూసింది.

"గీయన ఎవరో మంచిగున్నడు," అంది. తర్వాత పక్కకు జరిగి తన రాయి కోసం గోడ వెంబడి వెతకసాగింది.

నేను పలక దగ్గరికి పోయాను. చదవక తప్పదు, అక్షరం కనబడితే నా కళ్ళు ఆగవు. "పొలములో నిరుపయోగముగా, నిరాదరణకు గురియై పడియుండగా సేకరించబడిన వీరుని శిల. గ్రామస్థుల అజ్ఞానము వలన శాసనములోని కొన్ని అక్షరములు చెడిపోయినవి." నా కాగితంలో నేను రాసిన మాటలు ఒక వాక్యంలో, నా నోటితో నేను చెప్పిన అబద్ధం రెండో వాక్యంలో. రెండూ ఇత్తడి పలక మీద, తప్పు లేకుండా.

"ఏం రాసిన్రు దాని మీద?" అని ఆమె గది అవతలి నుంచి అడిగింది.

"ఎవరో సిపాయి అని రాసిన్రు."

ఆమె గదులన్నీ మళ్ళీ ఒకసారి తిరిగింది. పెట్టెల వెనక, తలుపు మూల చూసింది. తిరిగొచ్చి నా ముందు నిలబడింది.

"మావోడు ఏడి కొడుకా?"

అప్పుడైనా వేలు పెట్టి చూపించాల్సింది. ఇడుగో, ఈయనే నీ పెద్దోడు, నీ అత్తల నూనెంతా నేను కొడవలితో గీకేశాను, నువ్వు వేసిన నిశాని పైన నువ్వు అనని మాటలు రాశాను, మీరంతా తెలివి లేనివాళ్ళని చెప్పాను అనాల్సింది. అంటే ఏమయ్యేది? ఆమె నమ్మినా, ముక్కూ మొహమూ ఉన్న ఆ కొత్త మనిషికి రొట్టె పెట్టేది కాదు. ఆకలితో అట్లాగే ఇంటికి పోయేది. ఈ తర్కం అప్పుడు నాకు తోచలేదు. తర్వాత నన్ను నేను కాపాడుకోవడానికి అల్లుకున్నది. అప్పుడు తోచింది భయం ఒక్కటే.

"బయట ఉండొచ్చు పెద్దమ్మా," అన్నాను.

వెనక పెరట్లో, చూరు కింద, లోపల చోటు చాలని రాళ్ళు వరుసగా పడేసి ఉన్నాయి. విరిగిన స్తంభాలు, తల లేని నంది. వాటి చివర మూడు రాళ్ళు దగ్గరగా జరిపి కాపలావాడు పొయ్యి పెట్టుకున్నాడు. ఒకటి పెద్దది, పైన గుండ్రంగా ఉంది. మసి, పొంగిన పప్పు, నూనె చిట్లి చిట్లి నల్లగా గడ్డకట్టింది. దాని మీద ముక్కూ లేదు, మొహమూ లేదు.

ఆమె అక్కడ ఆగింది.

"అగో," అంది. దగ్గరికి పోయి అరచెయ్యి దాని నెత్తిన పెట్టింది. కాసేపు అట్లాగే ఉంచింది. తర్వాత నా వైపు తిరిగింది. "గీయననేనా కొడుకా? చిన్నగైండు కద. గట్టిగ తాకుతుండు."

ఆమె నన్ను అడిగింది. కళ్ళతో చూసి, చేత్తో తడిమి కూడా, చదివేవాణ్ని కదా అని నన్ను అడిగింది.

"ఈయననే పెద్దమ్మా," అన్నాను. "మూడేండ్లు నూనె లేకపాయె కద. ఎండిండు."

కాపలావాడు మా వెనకే వచ్చి నిలబడ్డాడు. అది నా పొయ్యి రాయి అనబోయాడు, పెదవులు విడివడ్డాయి. నేను అతని వైపు చూశాను. ఎట్లా చూశానో నాకు తెలియదు. అతను నోరు మూసుకుని వంగి, పొయ్యి మీది గిన్నె తీసి పక్కన పెట్టాడు. బూడిదను కాలితో జరిపాడు. లోపలికి పోయి ఆమె మూట తెచ్చి ఇచ్చాడు.

ఆమె సీసాలోని నూనెంతా దోసిట్లో పోసుకుని రాయి నెత్తిన పోసింది. పసుపు అద్దింది. రొట్టె మీద బెల్లం ముద్ద పెట్టి ముందుంచింది. కొంగు నడుముకు దోపి, ఏదో గొణుక్కుంది. కోపగించుకుంటున్నట్టుంది. మూడేళ్ళు ఎక్కడ పోయినవు అనడం మాత్రం నాకు వినబడింది. రాయిని అందో, తనను తాను అనుకుందో.

తర్వాత రొట్టె తుంచి మొదటి ముక్క నా ముందు చాపింది.

"ముందుగాల నువ్వు తిను."

"నువ్వు తిను పెద్దమ్మా. నీకు ఆకలైతుంది."

"నువ్వే దొరకవట్టినవు ఆయనను. నువ్వు తినకుంట నేనెట్ల తింట?"

తిన్నాను. కొత్త జొన్నకు ఒక తీపి ఉంటుంది, ఆ తీపి తెలిసింది. ఆ తర్వాత ఆమె గోడకు ఆనుకుని కూర్చుని తినడం మొదలుపెట్టింది. ఒక రొట్టె, ఇంకో రొట్టె. ఉన్న నాలుగు పళ్ళతో మెల్లగా నమిలి తిన్నది. మధ్యలో కాపలావాడికి ఒకటి ఇచ్చింది. మూడో రొట్టె సగంలో ఉండగా కళ్ళు తుడుచుకుంది. ఆమె తింటున్నంతసేపు నాకు ఏడుపు రాలేదు. సంతోషం కలిగింది, ఆ సంతోషానికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

పోయేముందు కుళాయి దగ్గర కాపలావాడు నన్ను పక్కకు పిలిచాడు.

"పాపమేమన్న తాకుతదా కాకా? దాని మీద నేను రోజు పప్పు ఉడికేస్తుంటి."

"నీకు తాకదు," అన్నాను.

మరుసటి ఏడు పోయేసరికి అతను పొయ్యిని పెరటి అవతలి మూలకు మార్చుకున్నాడు. ఆ రాయిని ఒంటరిగా నిలబెట్టి ఉంచాడు. పోయినేటి నూనె దాని మీద అట్లాగే ఉంది. ఆమె దాని మీదే పోసింది. ఆమె ఒంటికి మళ్ళీ కండ పట్టింది. అట్లా మొత్తం అయిదు పంటలు ఇద్దరం పోయాం. ప్రతిసారీ మూడో గదిలో ఆ మీసాల మనిషి ముందు నిమిషం నిలబడి, మంచిగున్నడు అని మెచ్చుకుని పెరట్లోకి వచ్చేది. ప్రతిసారీ మొదటి ముక్క నాది. చెప్పడానికి నాకు అయిదు అవకాశాలు వచ్చాయి.

అయిదో పంట తర్వాత వానాకాలంలో ఆమె పోయింది. ఆమె మరిది కొడుకులు సమాధి చేశారు. నేను పోయి ఒక పిడికెడు మట్టి వేసి వచ్చాను.

ఇక అయిపోయిందనుకున్నాను. ఆ ఏడు పంటకు ఆమె మరిది పెద్దకొడుకు సైకిలు మీద నా పందిరికి వచ్చాడు. క్యారియర్ నుంచి చిన్న మూట విప్పాడు. కొత్త జొన్నరొట్టె, మీద బెల్లం.

"ఏందిది?"

"పెద్దమ్మ పోయేముందు చెప్పింది. మీరు రాయికి పెట్టరు, నాకెర్కనే, గా రాయిని చూపెట్టినోనికన్న పెట్టుండ్రి, ఆయన తినంగనే మీరు తినుండ్రి అన్నది. మాకు రాళ్ళతోటి పని లేదు కాకా. మనిషికి పెట్టేటందుకేముంది?" నవ్వాడు. "జల్దీ తిను. ఇంటికాడ పిల్లలు ఆకలి మీద ఉన్నరు."

పిల్లలు ఆకలి మీద ఉన్నారు. తిన్నాను.

అప్పటి నుంచి ఏటా వస్తోంది. అతనికి మోకాళ్ళ నొప్పులు వచ్చి, అతని తమ్ముడు తేవడం మొదలుపెట్టాడు. సైకిలు పోయి మోటారుసైకిలు వచ్చింది. నేను కచేరీ ముందు బల్ల ఎత్తేసి ఇంటి అరుగు మీదికి మారాను. రొట్టె అరుగు మీదికి వస్తోంది. దవాఖానలో డాక్టరు నాకు బెల్లం వద్దన్నాడు. ఆ ఒక్కనాడు మానను.

ఈసారి ఆ తమ్ముడు రొట్టె తెచ్చేలోగా ఇదంతా రాసి, వాణ్ని ముందు కూర్చోబెట్టి చదివి వినిపించాలని పోయిన నెలలో మొదలుపెట్టాను. పైన పెరటి సంగతి దాకా రాసి ఉన్నాను. నిన్న మధ్యాహ్నం వాడు వచ్చాడు. కాగితాలు నా ఒళ్ళోనే ఉన్నాయి.

"ఏం రాస్తున్నవ్ కాకా? ఎవలదన్న అర్జీనా?"

"ఆ, అర్జీనే. కూర్చో, చదువుత."

"పొద్దుగాల్ల సంది కోతల ఉన్న, ఇంకో దినం వింట తియ్యి. ముందుగాల గిది తిను. ఇంటికాడ అందరు చూస్తున్నరు."

రొట్టె ఇంకా వేడిగా ఉంది. వాడు అరుగు కింద చెప్పులు విడవకుండా నిలబడి ఉన్నాడు. నేను కాగితాలు పక్కన పెట్టి తిన్నాను.